ఇంటిల్లిపాదికీ తామర, ఏ ట్యూబుకీ లొంగదు – నా అనుభవం

అత్తమ్మతో కలిపి మా ఇంట్లో ఐదుగురం. పోయిన ఎండాకాలం దాటేసరికి మా చిన్నదాన్ని వదిలేస్తే మిగతా అందరికీ తామర ఉంది, కాకపోతే ఎవరికి వాళ్లం దాచుకున్నాం. నడుము దగ్గర, గజ్జల్లో, పిరుదుల మీద వచ్చేది నలుగురిలో చెప్పుకునేది కాదు కదా. ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో ఇప్పటికీ తేలలేదు, తేలినా ఒరిగేదేమీ లేదు. ఇది రాయడానికి కారణం వేరే ఉంది. హన్మకొండలో నాకు తెలిసిన ఇళ్లలో ఎవర్ని కదిపినా ఒకటే మాట, 'ట్యూబు రాస్తే పోతది, బంద్ చేస్తే మళ్లొస్తది' అని. మాకు అది చివరికి ఎట్లా దారికొచ్చిందో చెప్తే, అదే గోసలో ఉన్నవాళ్లకు కొంచెం పనికొస్తుందని.

నాకు మొదలైంది సరిగ్గా లంగా బొందు కట్టే చోట. నేను ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్‌లో రేకుల కింద కూర్చుంటే పొద్దున కట్టిన చీర మధ్యాహ్నానికే చెమటతో ఒంటికి అతుక్కుపోతుంది, బొందు ఒరుసుకున్న చోట చర్మం కమిలి గాడి పడుతుంది. ఆ గాడిలో మొదట రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ లేచింది. అది పెద్దదవుతున్న కొద్దీ మధ్యలో తేటబడి, అంచు మాత్రం చిన్న చిన్న పొక్కులతో గట్టులాగా లేచి నిలబడింది. మిర్చి ఘాటుకేమో అనుకున్నారు మా దుకాణంలో ఆడవాళ్లు. దురద మాత్రం పగలు ఎట్లాగో ఓర్చుకోవచ్చు, రాత్రి పక్క మీద ఒళ్లు వెచ్చబడగానే మొదలయ్యేది చూడండి, అది పగవాడికి కూడా వద్దు.

మా ఆయన మెడికల్ షాపుకు పోయి, 'దురదకు ఏదన్న మంచి ట్యూబు ఇయ్యి' అంటే అతను ఏమీ అడగకుండానే తీసి ఇచ్చాడు. రాసిన మర్నాడే దురద మాయం, ఎరుపు మాయం. ఇంత తక్కువ పైసలకు ఇంత మంచి మందా అని మా ఆయన సంబరపడిపోయి తనకున్న దానికీ రాసుకోవడం మొదలుపెట్టాడు, తనకు ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది! ఆపిన వారానికి అదే చోట మళ్లీ లేచింది, ఈసారి ఇంకా వెడల్పుగా, ఒక చక్రం లోపల ఇంకో చక్రంలాగా. మళ్లీ రాయడం, తగ్గడం, ఆపడం, లేవడం. ఇట్లా చలికాలం మొత్తం గడిచింది. మధ్యలో మా బస్తీలో ఆర్‌ఎంపీ తామరకు వాడే టెర్బినాఫైన్ గోలీలు కూడా రాసిచ్చాడు, చెప్పినన్ని రోజులు మింగాం, ఏమీ కాలేదు.

ఒకరోజు ఆ ట్యూబు వెనక చీమ తలకాయలంత అక్షరాలను ఫోన్ కెమెరాలో పెద్దగా చేసి చదివాను. నాలుగు మందులు ఉన్నాయి అందులో: క్లోబెటాసోల్, ఓఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫైన్. వీటిలో తామర మీద పనిచేసేది చివరిది ఒక్కటే. ఓఫ్లోక్సాసిన్ బ్యాక్టీరియా మందు, ఆర్నిడజోల్ సంగతి చెప్పాలంటే అది అమీబియాసిస్ లాంటి వాటికి వాడేది, తామరకు దాంతో పనే లేదు. మొదటిది, క్లోబెటాసోల్, చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన రకం. తామర వచ్చేది ఫంగస్ వల్ల, ఎరుపు, దురద అనేవి మన ఒళ్లు ఆ ఫంగస్ మీద చేసే పోరాటం వల్ల వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. కాబట్టి మనకు హాయిగా ఉంటుంది, ఫంగస్‌కు అంతకన్నా హాయి. నివురు గప్పిన నిప్పులాగా పైకి ఏమీ కనపడదు, అడుగున పాకుతూనే ఉంటుంది. ఎక్కువ కాలం రాస్తే చర్మం పల్చబడి చారలు కూడా పడతాయి, మా పెద్దోడి తొడల మీద అవి ఇప్పటికీ ఉన్నాయి, అవి పోవని చెప్పేశారు. స్టెరాయిడ్ పూతమందులు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం రూల్ తెచ్చింది. రూల్ ఉంది, ట్యూబు కూడా ఉంది, అడిగితే ఇప్పుడు కూడా ఇస్తారు.

ఇంతలో న్యూజెర్సీ నుంచి మా ఆడబిడ్డ ఫోన్. దసరాకు పిల్లలతో వచ్చి, బతుకమ్మ ఆడి, మా మంచాల మీదే పడుకుని, మా తువ్వాళ్లే వాడుకుని పోయింది కదా, 'వదినా, మన ఇంట్ల ఎవరికన్న దురద ఉన్నదా?' అని అడిగింది. అక్కడి డాక్టర్ మొదట క్రీమ్ ఇచ్చి, తర్వాత టెర్బినాఫైన్ గోలీలు ఇచ్చి, రెండూ పనిచేయకపోయేసరికి 'ఈ మధ్య ఇండియా వెళ్లారా?' అని అడిగాడట. చర్మం గీకి తీసిన పొట్టును పరీక్షకు పంపితే ట్రైకోఫైటన్ ఇండోటినియే అనే ఫంగస్ అని వచ్చింది. నేను ఆ పేరు వినడం అదే మొదలు. 2020లో జపాన్ పరిశోధకులు ఇండియా, నేపాల్ వాళ్ల చర్మం మీద దొరికిన దాన్ని పరీక్షించి, ఇది వేరే జాతి అని తేల్చి ఈ పేరు పెట్టారట. ఆ తర్వాత జర్మనీ, ఫ్రాన్స్, ఇరాన్, కెనడా, ఇట్లా చాలా దేశాల్లో కనపడింది. అమెరికాలో మొదట బయటపడిన కేసులు న్యూయార్క్‌లో ఇద్దరు ఆడవాళ్లవి, 2023 మేలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ బయటపెట్టింది. అందులో ఒకావిడకు బంగ్లాదేశ్‌లో ఉండగా వచ్చింది. ఇంకో ఆవిడ మాత్రం అసలు ఏ దేశమూ పోలేదు, అంటే అప్పటికే అది అక్కడ ఒకరి నుంచి ఒకరికి పాకుతూ ఉండొచ్చన్నమాట. మా ఆడబిడ్డకు ఇది ఎక్కడిదో నేను చెప్పనక్కర్లేదు, సూట్‌కేసులో సకినాలు, అప్పాలతో పాటు ఇది కూడా పోయింది.

ఆ వీడియో కాల్‌లోనే ఇంకో సంగతి బయటపడింది. నాతో ఒక్క ముక్క చెప్పని అత్తమ్మ, బిడ్డ అడగ్గానే 'నాకు గూడ రొమ్ముల కింద, నడుముకు ఉన్నది, ఏడాది నుంచి పసుపు, వేపాకు రాస్తున్న' అనేసింది. నేను వంటింట్లోంచి విన్నాను. షుగర్ మనిషి, అంత పెద్ద వయసులో, ఏడాది! చెంబులో వేపాకు నూరి పెట్టుకుంటుంటే ఏదో పూజకనుకున్నాను నేను.

ఇక లాభం లేదని అందరం కలిసి హన్మకొండలో ఒక స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. బయట హాల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది ఒకే రకంగా గోకుతుంటే నాకు ధైర్యం వచ్చింది, సిగ్గు సగం అక్కడే పోయింది. ఆమె మొదటి ప్రశ్న 'ఎన్ని రోజులైంది' కాదు, 'ఇంట్లో ఇంకెవరికి ఉందమ్మా?' అని. రెండో ప్రశ్న, 'రాసిన ట్యూబులు తెచ్చారా?' మా ఆయన ప్లాస్టిక్ కవరు బల్ల మీద బోర్లిస్తే, నొక్కి నొక్కి సొట్టపోయిన ట్యూబులు అన్ని రంగులవీ పడ్డాయి. ఆమె కోప్పడలేదు, ఒక్కొక్కటి తిప్పి చూసి స్టెరాయిడ్ ఉన్నవి ఒక పక్కకు, లేనివి ఒక పక్కకు జరిపారు. లేని పక్కన ఒక్కటే మిగిలింది.

తర్వాత పరీక్ష. ఇది చాలామందికి చేయరు, చేయించుకోండి, నొప్పి ఉండదు, పెద్ద ఖర్చూ కాదు. మచ్చ అంచు దగ్గర స్పిరిట్ దూదితో తుడిచి, చిన్న బ్లేడును అడ్డంగా పెట్టి పొట్టు రాలేలా గీకారు. ఆ తెల్లటి పొడిని గాజు పలక మీద వేసి, రెండు చుక్కలు కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం పోసి, పైన పల్చటి గాజు బిళ్ల మూసి కాసేపు పక్కన పెట్టారు. చర్మం కణాలు అందులో కరిగిపోతాయి, ఫంగస్ కరగదు. మైక్రోస్కోపులో నన్ను కూడా చూడమన్నారు. మసక మసకగా ఉన్న దాని మధ్యలోంచి సన్నటి పోగులు, అక్కడక్కడా కొమ్మలు చీలుతూ, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతూ ఉన్నాయి. అవి నా నడుము మీదివి. చూశాక దురద ఇంకా ఎక్కువైనట్టు అనిపించిందంటే నవ్వుతారేమో.

'ఇదేనా మా ఆడబిడ్డకు వచ్చింది?' అని అడిగితే డాక్టరమ్మ చెప్పింది ఏంటంటే, మైక్రోస్కోపులో ఫంగస్ అని తెలుస్తుంది గానీ ఏ జాతో తెలీదు. కల్చర్ పెడితే, అంటే ఆ ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూస్తే, వారాలు పడుతుంది, అందులో కూడా దీన్ని దగ్గరి పోలికలున్న వేరే ఫంగస్‌ల నుంచి విడదీసి చెప్పలేరు, జన్యువు చదవాల్సిందే. అందరికీ ఆ పరీక్ష చేయించే స్తోమత ఎక్కడిది? కాబట్టి గోలీ వాడినా తగ్గకపోవడం, ఇంట్లో అందరికీ ఉండటం, ఒళ్లంతా పాకడం చూసి, అదే అనుకుని వైద్యం చేస్తారు. టెర్బినాఫైన్ ఎందుకు పనిచేయదంటే, ఫంగస్ తన కణం పొర కోసం ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారు చేసుకుంటుంది, అందుకు స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. టెర్బినాఫైన్ పోయి ఆ ఎంజైమ్‌ను పట్టుకుని ఆపుతుంది. ఈ జాతిలో చాలావాటికి ఆ ఎంజైమ్‌లో ఒకటి రెండు చోట్ల అమైనో ఆమ్లం మారిపోయింది, ఎక్కువగా 397వ స్థానంలో ఫినైల్‌అలనీన్ పోయి ల్యూసిన్ వచ్చింది. అంత చిన్న మార్పుకే మందు దాన్ని పట్టుకోలేకపోతోంది. ట్యూబుల్లో టెర్బినాఫైన్‌ను స్టెరాయిడ్‌తో కలిపి అరకొరగా వాడటం వల్లే ఇది ఇంత బలపడిందని డాక్టర్ల గట్టి అనుమానం.

మాకు ఇచ్చింది ఇట్రాకొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు అనేది ఇక్కడ రాయను, ఎందుకంటే మా నలుగురికే ఒకేలా ఇవ్వలేదు. దాన్ని మింగే పద్ధతి మాత్రం తప్పకుండా చెప్పాలి, సగం మందికి ఇది పనిచేయకపోవడానికి కారణం అక్కడే ఉందని డాక్టరమ్మ అన్నారు. మామూలు ఇట్రాకొనజోల్ గుళిక కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. కడుపు నిండా తిన్న వెంటనే వేసుకోవాలి, పరగడుపున వేసుకుంటే సగం దండగ. ఇప్పుడు మనవాళ్లందరికీ పొద్దున లేవగానే గ్యాస్ గోలీ అలవాటు కదా, ఆ గోలీ ఆమ్లాన్ని తగ్గించేది, దీన్ని కరగనివ్వదు. మా ఆయన గ్యాస్ గోలీ మాన్పించారు. అత్తమ్మకు మానడం కుదరదు కాబట్టి ఆమెకు సుబా ఇట్రాకొనజోల్ అనే కొత్త రకం రాశారు, అది ఆమ్లం మీద, తిండి మీద అంతగా ఆధారపడదు, ధర ఎక్కువ.

మామూలు రకంలో కూడా కంపెనీకి కంపెనీకీ తేడా ఉంటుందట. డాక్టరమ్మ ఒక గుళిక మూత విప్పి కాగితం మీద పోసి చూపించారు, లోపల పొడి లేదు, ఆవగింజలంత తెల్లటి గుండ్లు. అవి ఎంత చిన్నగా, ఎంత ఎక్కువగా ఉంటే అంత బాగా కరుగుతాయి, లావుగా కొన్నే ఉంటే మందు సరిగా వదలదు. కాబట్టి షాపులో 'ఇది లేదు, దీని బదులు ఇది తీసుకోండి' అంటే వద్దు అనమన్నారు.

అత్తమ్మ వ్యవహారం ఇంకా చిక్కు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మందులు ఉన్నాయి. కొలెస్ట్రాల్‌కు వాడే కొన్ని స్టాటిన్ గోలీలు ఇట్రాకొనజోల్‌తో కలిస్తే వాటి మోతాదు రక్తంలో పెరిగిపోయి కండరాలు దెబ్బతినొచ్చు. ఆమె వాడే చీటీలన్నీ చూసి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ మందు ఇవ్వకూడదు కాబట్టి ముందు గుండె పరీక్ష చేయించి, కొలెస్ట్రాల్ గోలీని ఫిజీషియన్‌తో మాట్లాడి వేరే రకానికి మార్పించి, అందరికీ లివర్ పరీక్ష రాసి, అప్పుడు మొదలుపెట్టారు. ఇదంతా మెడికల్ షాపు గడప మీద జరిగే పనేనా చెప్పండి.

మొదటి రోజులు నరకం. స్టెరాయిడ్ ట్యూబు ఆపేశాం కదా, అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా ఎర్రగా లేచింది. ఇట్లా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం, లేకపోతే మా ఆయన మళ్లీ ఆ ట్యూబు కోసమే ఉరికేవాడు. రాత్రికి దురద గోలీ, పైన స్టెరాయిడ్ లేని క్రీమ్, అది కూడా మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు వేళ్ల వెడల్పు దాకా రాయమన్నారు, ఎందుకంటే కనపడే అంచు దాటి ఫంగస్ ముందే పోయి ఉంటుంది.

ఇంట్లో పెద్ద గొడవ మాత్రం మొలతాడు దగ్గర వచ్చింది. ఏళ్ల తరబడి ఒంటి మీదే ఉండే నల్ల దారం, చెమట తాగి, సబ్బు తాగి, అందులో ఫంగస్ ఇల్లు కట్టుకుని ఉంటుంది, తీసేయమని డాక్టరమ్మ మా ఆయనకూ పెద్దోడికీ చెప్పారు. ఇంటికొచ్చి కత్తెర తీసుకున్నానో లేదో అత్తమ్మ లేచింది. 'ఏందే, నువ్వు బతికుండంగ నా కొడుకు మొలతాడు తెంపుతవా? నీకు నువ్వే చేసుకుంటున్నవ్!' అని. పెళ్లాం పోతే తెంపేది కదా మన దగ్గర. నా ప్రాణం మీద ఆమెకు అంత ఆశ ఉందని అప్పుడే తెలిసిందిలెండి. చివరికి రాజీ ఏంటంటే, భద్రకాళి గుడి దగ్గర కొత్తవి కొనుక్కొచ్చి, కొత్తది కట్టిన తర్వాతే పాతది తెంపాలి, నెలకొకటి మార్చాలి, పాతది కాల్చేయాలి. డాక్టరమ్మకు చెప్తే నవ్వి 'సరే, అది కూడా మంచిదే' అన్నారు. పెద్దోడు మాత్రం 'నాకసలే వద్దు మమ్మీ' అని తీసి పారేశాడు, వాడితో అత్తమ్మ చాలా రోజులు మాట్లాడలేదు.

బట్టల పని నా నడ్డి విరిచింది. ఎవరి తువ్వాలు వాళ్లది, రంగులు వేరు చేశాను. లోపలి బట్టలు, లంగాలు, దుప్పట్లు బాగా కాగిన వేడి నీళ్లలో నానబెట్టి (60 డిగ్రీలు ఉంటేనే ఫంగస్ చస్తుందట, మా పాత మిషన్‌లో అంత వేడి రాదు, బకెట్‌లో హీటర్ పెట్టాను), తిరగేసి ఎండలో ఆరేసి, కుట్లు ఉన్న చోట నొక్కి ఇస్త్రీ చేయడం. వానలు పడినప్పుడు బాల్కనీలో సగం ఆరిన బట్టలు కట్టుకుని పోయేవాళ్లం ఇదివరకు, అది బంద్. పెద్దోడికి బిగుతు జీన్స్ బంద్. వాడు ఇంటర్ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా కొత్త మచ్చతో వచ్చేవాడు, అక్కడ ఒకరి తువ్వాలు ఒకరు, ఒకరి షార్ట్ ఒకరు వేసుకోవడమే. వాడి గదిలో పిల్లలకు కూడా చూపించమని వాళ్ల తల్లిదండ్రులకు నేనే ఫోన్లు చేశాను, ఇద్దరు విన్నారు, ఒకావిడ 'మా వానికి అసుంటియి లేవు' అని పెట్టేసింది.

అత్తమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మాకు ఆ రోజు మందు సంగతి ఎట్లా అని టెన్షన్. ఆమె రకం తిండితో అంత పట్టింపు లేనిదే అయినా, మధ్యాహ్నం తినే ఆ ఒక్క పూట అన్నం తర్వాతే వేసేదాన్ని, మరిచిపోకుండా ఉండటానికి.

నాకు అంచులు అణగడం మొదలయ్యాక చాలా రోజులకు చక్రం మొత్తం చదునై గోధుమ రంగు మచ్చ మిగిలింది. పోలేదనుకుని దిగులు పడ్డాను. డాక్టరమ్మ మళ్లీ గీకి చూస్తే పోగులు లేవు. మచ్చ రంగు మెల్లగా పోతుంది, అది రోగం కాదు, దానికి మళ్లీ ఏ ట్యూబూ రాయొద్దు అన్నారు. పరీక్ష తేటగా వచ్చాక కూడా మందు వెంటనే ఆపనివ్వలేదు, ఇంకొన్ని వారాలు వేయించారు. న్యూజెర్సీలో మా ఆడబిడ్డకు కూడా ఇట్రాకొనజోల్‌తోనే తగ్గింది, కాకపోతే వాళ్ల ఇన్సూరెన్స్‌తో దాన్ని ఒప్పించడానికి ఆమె పడ్డ తిప్పలు అదో పెద్ద కథ.

దీనికి కూడా లొంగని వాళ్లు కొందరు ఉన్నారట, వేరే మందులు ఎక్కువ లేవు కాబట్టి ఉన్న ఈ ఒక్కదాన్నైనా ఇష్టమొచ్చినట్టు వాడి చెడగొట్టుకోవద్దని డాక్టరమ్మ వచ్చిన ప్రతివాళ్లకూ చెప్తూనే ఉంటారు. మా ఆయనకు, పెద్దోడికి, నాకు ఆపేశారు. అత్తమ్మకు షుగర్ వల్ల ఆలస్యమవుతోంది, రొమ్ముల కింద ఇంకా కొంచెం ఉంది, గుళికలు నడుస్తున్నాయి. వచ్చే వారం ఆమె లివర్ పరీక్ష రిపోర్ట్ వస్తే ఇంకా ఎన్నాళ్లో చెప్తామన్నారు. వేపాకు నూరడం మాత్రం ఆమె ఇంకా మానలేదు.